నలుపు ఎంత నలుపు? టీవీని, ప్రొజెక్టర్‌ని డిస్కుతో సరిచేయడం వెనక సంగతి

నెల్లూరు ట్రంకు రోడ్డు షోరూముల్లో టీవీలన్నీ వివిడ్ మోడ్‌లోనే వెలుగుతుంటాయి. పైన ట్యూబులైట్ల వరస, పక్కన పోటీకి ఇంకో పది టీవీలు, అద్దాల్లోంచి రోడ్డు మీది ఎండ. అంత వెలుతురులో కొనేవాడి చూపు తన మీద పడాలంటే టీవీ నీలాన్ని దంచి కొట్టాలి, ఎరుపు మండిపోవాలి. అదే టీవీని ఇంటికి తెచ్చి, రాత్రి భోజనాలయ్యాక లైటు తీసేసి సినిమా పెడితే హీరో మొహం ఇటుక రంగులో ఉంటుంది, చీకటి సీన్లన్నీ బూడిద కలిపినట్టుంటాయి. అప్పుడు రిమోట్ అందుకుని మెనూలోకి దిగుతాం. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, కలర్, టింట్, షార్ప్‌నెస్, బ్యాక్‌లైట్, గామా... ఒకటి సర్దితే ఇంకోటి చెడుతుంది. పది నిమిషాలయ్యేసరికి అసలు మొదట ఏది ఎంతలో ఉందో కూడా గుర్తుండదు.

క్యాలిబ్రేషన్ డిస్కులు పుట్టింది ఈ చిక్కు కోసమే. అవి వేస్తే బొమ్మ అందంగా తయారవుతుందని చాలామంది అనుకుంటారు గానీ వాటి పని అది కాదు. సినిమా చూస్తూ టీవీని సర్దుదామంటే ఆ సీనులో చీర అసలు ఏ ఎరుపో, ఆ గోడను ఎంత నల్లగా చూపించాలనుకున్నారో మనకు తెలియదు. తెలియదు కాబట్టి మనకు నచ్చినంత వరకు తిప్పుతాం. డిస్కులోని బొమ్మలకు ఆ ఇబ్బంది లేదు. ఈ పట్టీ నలుపు, ఈ పట్టీ నలుపు కన్నా ఒక్క మెట్టు పైన, ఇది తెలుపు అని ముందే అంకెలతో కట్టిన సిగ్నల్ అది. అంకె తెలుసు గనక, టీవీ దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తోందా లేదా అన్నదే చూడాల్సింది. నన్నడిగితే డిస్కు పెట్టుకుని, మామూలు కంటితో, ఇంట్లో నమ్మకంగా సరిచేయగలిగినవి నాలుగే: నలుపు, తెలుపు, అంచుల పదును, బొమ్మ కొలత. రంగుల దగ్గరికొచ్చేసరికి చేయి వెనక్కి తీసుకోవడం మంచిది. ఎందుకో కింద చెబుతాను.

ముందు ఆ అంకెల సంగతి. 8 బిట్ల వీడియోలో ఒక్కో చుక్క వెలుగుకి 0 నుంచి 255 దాకా మెట్లుంటాయి. కంప్యూటర్ 0ని నలుపుగా, 255ని తెలుపుగా తీసుకుంటుంది. టీవీ ప్రపంచం అలా కాదు. అక్కడ నలుపు 16, తెలుపు 235. సిగ్నల్ కాస్త ఎగిరినా, కాస్త కుంగినా తెగిపోకుండా రెండు వైపులా వదిలిన ఖాళీ అది. సినిమాల్ని, సీరియళ్లని టీవీ కోసం సిద్ధం చేసేచోట మానిటర్ కూడా ఒక లెక్క ప్రకారం ఉంటుంది: వెలుతురు తక్కువ గది, తెలుపు సుమారు 100 నిట్ల కాంతి (తెర వెలుగుని కొలిచేది నిట్లలో), ఆ తెలుపు రంగు డీ65 అనే పగటి వెలుగు కొలత, హెచ్‌డీ రంగులకు రెక్ 709 ప్రమాణం. మన టీవీని ఆ మానిటర్‌కి వీలైనంత దగ్గరికి తీసుకెళ్లడాన్నే క్యాలిబ్రేషన్ అంటాం.

అమెరికాలో జో కేన్ అనే ఆయన 1989లో లేజర్‌డిస్కు మీద ఇలాంటి పాఠం తెచ్చాడు. తర్వాత డీవీడీకి, బ్లూరేకి కూడా వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు స్పియర్స్ అండ్ మన్సిల్ వాళ్ల బ్లూరే. ఉచితంగా దొరికేది ఏవీఎస్ హెచ్‌డీ 709. నెల్లూరులోనో ఒంగోలులోనో కొట్టుకెళ్లి అడిగితే ఇవేవీ దొరకవు, అసలు ఇప్పుడు డిస్కు ప్లేయరున్న ఇల్లే అరుదు. ఉచిత డిస్కుకి వీడియో ఫైళ్ల రూపం కూడా ఉంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే సరిపోతుంది. అయితే పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు మనం సరిచేసేది టీవీ సొంత ప్లేయర్‌ని. డిష్ బాక్సు వచ్చే హెచ్‌డీఎంఐ పోర్టుకి చాలా టీవీలు వేరే సెట్టింగులు దాచుకుంటాయి. అక్కడికి ఆ అంకెలు మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. యూట్యూబులో దొరికే ప్యాటర్న్‌లతో, అంటే ఇలాంటి పరీక్ష బొమ్మలతో, పని కానిద్దామంటే, అప్‌లోడ్‌లో మళ్లీ కంప్రెస్ అయిన బొమ్మలవి. ఒక్క మెట్టు తేడాను చూడాల్సిన పనికి వాటిని నేను నమ్మను.

ప్యాటర్న్ తెర మీదికి రాకముందు చేయాల్సిన పని కొంతుంది. నిజం చెప్పాలంటే సగం లాభం ఇక్కడే. పిక్చర్ మోడ్‌ని వివిడ్, స్టాండర్డ్ నుంచి తప్పించి సినిమా అనో, మూవీ అనో, ఫిల్మ్‌మేకర్ అనో ఉన్నదానికి మార్చండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ 2019లో వచ్చింది, టీవీ తన తెలివితేటలన్నీ పక్కనపెట్టి బొమ్మను ఉన్నట్టు చూపించాలన్నదే దాని ఉద్దేశం. గదిలో వెలుతురుని బట్టి కాంతి మార్చే ఎకో సెన్సర్ తీసేయండి. అది ఉన్నంతసేపూ మీరు సర్దినదాన్ని అది మళ్లీ సర్దుతుంది. డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్, సినిమాని సీరియల్‌లా జారుడుగా మార్చే మోషన్ సెట్టింగు, ఇవన్నీ ఆపేయండి. టీవీని అరగంట నడవనివ్వండి. ఇక వేళ. మన ఇళ్లలో హాలుకి వాకిలి తలుపు పొద్దున తీస్తే రాత్రికే వేస్తారు. మధ్యాహ్నం ఎండ టైల్స్ మీద పడి తెర మీదికి కొడుతున్నప్పుడు చేసిన సర్దుబాటు రాత్రికి పనికిరాదు. మీరు సినిమా చూసే వేళకే, ఆ లైట్లే ఉంచుకుని చేయండి.

ఇక నలుపు. దీన్ని సర్దేది బ్రైట్‌నెస్. వెలుతురు పెంచే మీట అనుకుని అందరూ మొదట దీన్నే తిప్పుతారు, కొంప మునిగేది అక్కడే. మొత్తం వెలుతురుని పెంచేది బ్యాక్‌లైట్. బ్రైట్‌నెస్ చేసేది నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించడం. సోనీ టీవీల్లో బ్యాక్‌లైట్‌నే బ్రైట్‌నెస్ అని పిలిచి, ఈ పని చేసే మీటకు బ్లాక్ లెవెల్ అని పేరు పెట్టారు. కాబట్టి పేరుని నమ్మొద్దు. తిప్పినప్పుడు నల్లటి భాగాలు మారుతున్నాయా, తెర మొత్తం మారుతోందా చూసుకోండి.

కావలిలో మా బావ ఇంట్లో 55 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి ఈ పని చేశాం. పిల్లలు పడుకున్నాక లైట్లు తీసి బ్లాక్ క్లిప్పింగ్ ప్యాటర్న్ పెట్టాను.

“ఏందబ్బయ్యా, టీవీ ఆగిపోయిందా?” అన్నాడు బావ.

ఆగిపోలేదు. తెరంతా నలుపే, అందులో నిలువు పట్టీలు మినుకుమినుకుమంటుంటాయి. ఒక్కో పట్టీ దగ్గర దాని అంకె. 16 అంటే నలుపు కాబట్టి 16, అంతకన్నా తక్కువ పట్టీలు నేపథ్యంలో కలిసిపోవాలి. 17 నుంచి పైవి కనపడాలి. ఆ టీవీలో 10 నంబరు పట్టీ కూడా ఆడుతోంది, అంటే నలుపుగా ఉండాల్సిందాన్ని బూడిదగా చూపిస్తోంది. బ్రైట్‌నెస్‌ని ఒక్కో మెట్టు తగ్గిస్తూ వచ్చాం. ఎడమవైపు నుంచి పట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇంకొక్కటి తగ్గిస్తే 20 కూడా పోయింది, మళ్లీ రెండు మెట్లు వెనక్కి. చివరికి 18 స్పష్టంగా, 17 ఉందా లేదా అన్నట్టు ఉన్నచోట ఆపాం. 17 కనపడి తీరాలని పట్టుబట్టకండి. ఇంటి టీవీలో, మామూలు కళ్లకి, 18 దగ్గర ఆగినా పని బాగా జరిగినట్టే.

“సీరియల్లో మొహాలు కనపడతాయా లేదా, అది చూడండి ముందు” అని లోపలి నుంచి అక్క. న్యాయమైన ప్రశ్న. నలుపు సరిగ్గా కుదిరిందా లేదా అన్నది చీమకుర్తి గెలాక్సీ రాయిని చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. పాలిష్ పట్టిన ఆ నల్లరాతిలో బంగారు చుక్కలుంటాయి. బ్రైట్‌నెస్ ఎక్కువైతే చుక్కలు కనపడతాయి గానీ రాయి బూడిదరంగుకి తిరుగుతుంది. తక్కువైతే రాయి నల్లగానే ఉంటుంది, చుక్కలు మునిగిపోతాయి. రాయి నల్లగా ఉండాలి, చుక్కా కనపడాలి. రాత్రి సీన్లలో నల్ల జుట్టులో పోగులు, నల్ల కోటు మడతలు ఆ చుక్కలన్నమాట.

ఎంత తిప్పినా పట్టీలు దారికి రాకపోతే తప్పు బ్రైట్‌నెస్‌ది కాదు. ప్లేయరో లాప్‌టాపో కంప్యూటర్ లెక్కన 0-255 పంపుతుంటే టీవీ 16-235 అనుకుంటోందన్నమాట. అప్పుడు చీకటి సీన్లన్నీ మసిబొగ్గు. అటుదిటైతే బొమ్మ మొత్తం పొగ పట్టినట్టు వెలిసిపోతుంది. హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనో, ఆర్‌జీబీ రేంజ్ అనో ఉండే సెట్టింగులో లిమిటెడ్, ఫుల్ అని రెండుంటాయి. రెండు పరికరాల్లోనూ ఒకటే ఉండేలా చూసుకుని మళ్లీ మొదలెట్టండి. లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి సినిమాలు చూసే ఇళ్లలో నేను ముందు అనుమానించేది దీన్నే.

తెలుపుది కాంట్రాస్ట్ పని. వైట్ క్లిప్పింగ్ ప్యాటర్న్‌లో 230 నుంచి పైకి పట్టీలుంటాయి. 234 దాకా విడివిడిగా కనపడి తీరాలి, ఆ పైవి కనపడితే మంచిదే. కాంట్రాస్ట్ ఎక్కువైతే పట్టీలన్నీ ఒకే తెల్లటి ముద్ద. సినిమాలో అది తెల్ల పంచె మడతలు మాయమవడం, మేఘం సున్నం కొట్టినట్టు కనపడటం. పట్టీలు కలిసిపోయేదాకా పెంచి, విడిపోయేదాకా తగ్గించండి. ఆ తెలుపు గులాబీ వైపో పసుపు వైపో తిరుగుతోందేమో కూడా చూడండి, తిరిగితే మూడు రంగుల్లో ఒకటి మిగతావాటి కన్నా ముందే చివరికొచ్చి ఆగిపోయిందని అర్థం. ఇంకో నాలుగు మెట్లు తగ్గించాలి. కాంట్రాస్ట్ మార్చాక బ్రైట్‌నెస్ మళ్లీ ఒకసారి చూడాలి, రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి. కాంతి చాలలేదనిపిస్తే పెంచాల్సింది వీటిలో ఏదీ కాదు, బ్యాక్‌లైటు.

షార్ప్‌నెస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బూడిద నేపథ్యం మీద సన్నటి నల్ల గీతలుండే ప్యాటర్న్ పెట్టి, గీత పక్కన తెల్లటి అంచు పోయేదాకా తగ్గించండి. ఆ తెల్ల అంచు బొమ్మలో లేదు, టీవీ గీసింది. కొన్ని టీవీల్లో 0 దగ్గర అది పోతుంది, సోనీలాంటి వాటిలో 50 దగ్గరే పోతుంది, ఇంకా తగ్గిస్తే మసకబారుతుంది.

బొమ్మ కొలత సంగతి ఇంకా చిన్నది గానీ ఎవరూ పట్టించుకోరు. పాత గాజు టీవీల్లో అంచులు నికరంగా ఉండేవి కావని బొమ్మని కాస్త సాగదీసి చుట్టూ కొంత దాచేసేవాళ్లు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. అంచులు చుక్కకి చుక్క సరిపోయే ఇప్పటి టీవీల్లోనూ అది ఆన్‌లోనే వస్తుంటుంది. వార్తల చానల్లో కింద స్క్రోలింగు సగం తెగి కనపడుతుంటే కారణం ఇదే కావచ్చు. డిస్కులో నాలుగు అంచుల్లోనూ గీతలున్న ప్యాటర్న్ ఉంటుంది, చివరి గీత దాకా కనపడాలి. కనపడకపోతే జస్ట్ స్కాన్, ఫిట్ టు స్క్రీన్ లాంటి పేరున్న సెట్టింగు వెతకండి. తెగిన అంచు తిరిగి రావడం ఒక్కటే కాదు, సాగదీయడం ఆగాక అక్షరాలు కూడా పదునెక్కుతాయి.

ఇప్పుడు రంగులు. కొనుక్కునే డిస్కుతో పాటు ఒక నీలం ఫిల్టర్ ముక్క ఇస్తారు. రంగు పట్టీల ప్యాటర్న్‌లో తెలుపు, నీలి ఆకుపచ్చ, మెజెంటా, నీలం అనే నాలుగింటిలోనూ నీలం పాలు సమానం. ఫిల్టర్ లోంచి చూస్తే నాలుగూ ఒకే వెలుగులో కనపడాలి. తెలుపు, నీలం సమానమయ్యేదాకా కలర్ మీట, మిగతా రెండూ సమానమయ్యేదాకా టింట్ మీట. పద్ధతి చక్కగా ఉంది. కానీ ఫిల్టర్ నీలాన్ని మాత్రమే వదిలి మిగతాదంతా ఆపాలి కదా, ఇప్పటి ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్ల ముందు, ప్రొజెక్టర్ దీపాల ముందు అది ఆపలేక ఆకుపచ్చని కూడా కొంత వదిలేస్తుంది. అప్పుడు మీరు సమానం చేసేది తప్పు లెక్కని. కలర్ 50 దగ్గర బాగానే ఉన్న టీవీని ఫిల్టర్ పట్టుకుని 58కి తీసుకెళ్లినవాళ్లున్నారు.

టింట్ అయితే మన సమస్యే కాదు. అమెరికా వాళ్ల పాత ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఏ రంగు అన్నది సిగ్నల్ ఫేజ్‌లో, అంటే తరంగం ఎంత ముందుకో వెనక్కో జరిగిందన్న దాంట్లో, ఉంటుంది. దారిలో ఫేజ్ కాస్త జరిగితే మొహాలు పచ్చబడేవి. దాన్ని చేత్తో సరిచేసుకోడానికి ఇచ్చిన మీట అది. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీలో వాల్టర్ బ్రూఖ్ రూపొందించిన పాల్ పద్ధతిలో ఫేజ్‌ని గీత విడిచి గీతకు తిరగేసి పంపుతారు, ఒక గీతలో వచ్చిన తప్పు పక్క గీతలో వచ్చిన తప్పుతో కొట్టుకుపోతుంది. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మనం తీసుకున్నది పాల్‌నే. మన పాత కలర్ టీవీలు చాలావాటిలో మెనూలో టింట్ కనపడేది గానీ నొక్కితే కదిలేది కాదు, గుర్తుందా? అందుకే. ఇప్పుడు హెచ్‌డీఎంఐలో వచ్చేవి అంకెలు, అందులో జరగడానికి ఫేజే లేదు. టింట్‌ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చోటే ఉంచండి.

కలర్ టెంపరేచర్ మాత్రం మార్చాలి. అదీ కొలిచి కాదు, వార్మ్ అన్నదాన్ని ఎంచుకోవడం, అంతే. టీవీల్లో డీ65 తెలుపుకి సాధారణంగా దగ్గరగా ఉండేది అదే. కూల్ అన్నది నీలం పోసిన తెలుపు. మార్చిన మొదటి రోజు ఇంట్లో అందరూ పసుపు అంటారు. ఓపిక పట్టమనండి, రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది, ఆ తర్వాత కూల్ పెడితే అదే నీలంగా కనపడుతుంది. అంతకు మించి, అంటే బూడిద మెట్లలో ఏ మెట్టు దగ్గర ఏ రంగు ఎక్కువైందో సరిచేయాలంటే, కన్ను చాలదు. ఇందాకటి పసుపు లాగే, దేన్ని చూసినా కొంతసేపటికి అదే తెలుపు అనుకోవడం దాని స్వభావం. దానికి తెర మీది రంగుని కొలిచే కలరీమీటర్ అనే పరికరం కావాలి, హెచ్‌సీఎఫ్‌ఆర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది గానీ మీటర్‌కి డబ్బు పెట్టాలి. మీటర్ లేకుండా వైట్ బ్యాలెన్స్ మెనూలో ఆర్ గెయిన్, బీ గెయిన్ తిప్పేవాళ్లని చూస్తే నాకు భయం. వేరేవాళ్ల టీవీ నుంచి ఆ అంకెలు తెచ్చి మీదాంట్లో వేసుకోవడం కూడా అంతే, ఒకే మోడల్‌లో కూడా ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ తేడా ఉంటుంది.

ప్రొజెక్టర్ దగ్గరికొస్తే డిస్కు కన్నా ముందు గది. ప్రొజెక్టర్ వెలుగు వేయగలదు గానీ నలుపు వేయలేదు. ఏమీ వేయని చోట తెర ఎంత నల్లగా ఉందో అదే దాని నలుపు. ట్యూబులైటు వెలుగులో తెల్లగోడ తెల్లగా ఉంటే ఆ సినిమాలో నలుపు కూడా ఆ తెలుపే. బ్రైట్‌నెస్ ఎంత తగ్గించినా లాభం లేదు. తెర బదులు గోడ మీదే వేసుకునేవాళ్లు గోడ రంగు కూడా చూసుకోవాలి. లేత పచ్చ, లేత గులాబీ వేసిన గోడ ప్రతి ఫ్రేములోనూ తన వాటా కలుపుతుంది.

వెలుగుకి ఒక లెక్క వేసుకుందాం. 100 అంగుళాల తెర, 16:9 కొలతలో, సుమారు 2.2 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తు ఉంటుంది. అంటే దాదాపు 2.75 చదరపు మీటర్లు. ప్రొజెక్టర్ వేసే మొత్తం వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు. ఆ తెర మీద నిజంగా 1000 ల్యూమెన్లు పడితే మామూలు తెల్ల తెర నుంచి వచ్చేది సుమారు 115 నిట్లు. చీకటి గదికి ఎక్కువే. డిజిటల్ సినిమా థియేటర్లకి పెట్టుకున్న ప్రమాణమే 48 నిట్లు. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వీ ఎపిక్ థియేటర్ తెర దాదాపు నూరడుగుల వెడల్పు. అంత పెద్ద థియేటర్ తెరకైనా ప్రమాణం 48 నిట్లే, దాన్ని కన్నులపండుగగా చూపించేది చీకటి. అదే ఆన్‌లైన్లో వేలకి వేల ల్యూమెన్లని రాసి అమ్మే చిన్న ప్రొజెక్టర్, ఆన్సీ అనే ప్రామాణిక కొలతలో 200 ఇస్తే, అదే తెర మీద పాతిక నిట్లు కూడా రావు. దానికి 60 అంగుళాల బొమ్మ చాలు. పెట్టె మీద ఆన్సీ అన్న మాట ఉందో లేదో చూసి కొనండి.

ప్రొజెక్టర్‌ని పక్కకో కిందకో పెట్టి, బొమ్మ వంకరని కీస్టోన్‌తో సరిచేయడం మన ఇళ్లలో మామూలు. దాని నష్టం చూడాలంటే డిస్కులో ఒక్కో చుక్క నలుపు, ఒక్కో చుక్క తెలుపుగా అల్లిన గడుల ప్యాటర్న్ పెట్టండి. కీస్టోన్ లేకపోతే తెరంతా ఒకే బూడిద రంగు. కీస్టోన్ రెండు మెట్లు వేయగానే ఆ బూడిదలో అలలు లేస్తాయి. ప్రొజెక్టర్ ఉన్న చుక్కల్నే నలిపి కొత్త ఆకారంలో కూర్చడం వల్ల వచ్చే అలలవి. స్టూలు జరిపి, కాళ్ల కింద అట్టముక్క పెట్టి ఎదురుగా నిలబెట్టగలిగితే కీస్టోన్ సున్నా చేసేయండి. దీపం ఉన్న ప్రొజెక్టర్లయితే గంటలు గడిచేకొద్దీ వెలుగు తగ్గుతుంది, కాబట్టి బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ ఏడాదికోసారైనా మళ్లీ చూసుకోవాలి.

హెచ్‌డీఆర్ బొమ్మలకి, అంటే వెలుగుచీకట్ల తేడా మామూలు వీడియో కన్నా చాలా ఎక్కువగా ఉండేవాటికి, ఇదంతా వర్తించదు. అక్కడ సిగ్నల్ 10,000 నిట్ల దాకా అంకెలు చెప్పగలదు, మన ఇళ్ల టీవీలు చాలావరకు వందల నిట్ల దగ్గరే ఉంటాయి. మిగతాదాన్ని ఎలా కుదించాలో టీవీ తన పద్ధతిలో తేల్చుకుంటుంది, కాబట్టి కాంట్రాస్ట్‌తో ఆడుకోకుండా వదిలేయడం మేలు. హెచ్‌డీఆర్ వచ్చినప్పుడు టీవీ వేరే సెట్టింగుల గదిలోకి వెళ్తుంది, మీరు రాత్రంతా కూర్చుని సర్దినవి అక్కడ ఉండవు. సినిమా మోడ్, వార్మ్, ఎకో ఆఫ్, ఈ మూడూ అక్కడ కూడా పెట్టుకుంటే చాలు.

చివరిగా, సర్దిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి టీవీ వెనక అంటించండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో పోవచ్చు, పిల్లలు రీసెట్ నొక్కొచ్చు. పగలు మ్యాచ్ చూడటానికి ఇంకో మోడ్ ఉంచుకోండి, స్టాండర్డ్‌లో బ్యాక్‌లైట్ పెంచి, వార్మ్ మాత్రం అలాగే ఉంచి. ఎండలో సినిమా మోడ్ పెట్టి కనపడట్లేదని ఎవరో ఒకరు అన్ని మీటలూ మళ్లీ తిప్పేయకుండా ఆపేది ఆ రెండో మోడే.